మా ఇంటిని కాసిన మూర్ఛ

మూర్ఛ ఉన్న ఇల్లంటే ఆ రోజుల్లో అందరూ ఆమడ దూరం జరిగేవాళ్లు. ఊరు మమ్మల్ని ఎలాగూ దూరమే పెట్టింది. అన్నకు మూర్ఛ మొదలయ్యాక మా వాడ కూడా దూరం పెట్టింది. అతను తిన్న పళ్లెం ఎవరూ ముట్టేవాళ్లు కాదు. గాలి సోకిందని ఉల్లిగడ్డ వాసన చూపించారు, చెప్పు వాసన చూపించారు, నుదుటి మీద వాత పెట్టారు, దర్గా నుంచి తాయెత్తు తెచ్చి కట్టారు. చేతిలో తాళంచెవి పెడితే దిగుతుందని ఒకరన్నారు. తాళం వేసుకునేంత ఆస్తి మాకెక్కడిది? అమ్మ మొద్దుబారిన కొడవలి పట్టించేది.

మాది పాలమూరు జిల్లాలో గడి ఉన్న ఊరు. దొర ఉండే కోటలాంటి ఇంటిని గడి అనేవాళ్లం. మా వాడలో ప్రతి ఇంటి నుంచీ అక్కడ వెట్టికి పోవాలి. వాకిళ్లు ఊడ్వాలి, వడ్లు దంచాలి, కట్టెలు మోయాలి. కూలి అన్న మాటే లేదు. ఒకనాడు గడి వాకిట్లో కట్టెలు దించుతూ అన్న పడిపోయాడు. దొరసాని అప్పుడు నీళ్లోసుకుని ఉంది. కడుపులో బిడ్డకు ఆ గాలి తగులుతుందని హడలిపోయి, మా ఇంటి మనుషులెవరూ గడి కడప తొక్కవద్దని చెప్పించింది.

కీడులో మేలంటే అదే. తెల్లారగానే వెట్టికి పోయే బాపు ఇంటిపట్టున ఉండి జొన్న గట్క తాగడం మొదటిసారి చూశాను. దొరను చూస్తే ఊరు వణుకుతుంది, తనను చూస్తే గడి వణుకుతుంది అని అన్న నవ్వేవాడు. మేమూ నవ్వేవాళ్లం. అతను పడిన ప్రతిసారీ నాలుక కొరుక్కుని రక్తం ఉమ్మేవాడన్న సంగతి ఆ నవ్వులో మరిచిపోయేవాళ్లం.

మా వాడకు ప్రార్థన చేయించడానికి వచ్చే అయ్యగారు అన్నను పాలమూరు దవాఖానకు తీసుకుపోయాడు. అక్కడ సీసాలో ఉప్పటి నీళ్ల మందు ఇచ్చారు. దాంతో మూర్ఛ ఆగింది. అమ్మ సంతోషానికి పట్టపగ్గాలు లేవు. కనిపించిన వాళ్లందరికీ చెప్పుకుంది. ఆ మాట గడి దాకా పోయింది.

గడి కబుర్లు మోసే సుంకరి ఒకరోజు వచ్చి, అన్నకు తగ్గింది కాబట్టి నన్ను పంపమన్నాడు. నాకప్పుడు పన్నెండేళ్లుంటాయేమో. గడి లోపలి పనికి పోయిన ఆడపిల్లలు ఏమై తిరిగొచ్చేవాళ్లో వాడలో అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు. బాపు కాళ్లావేళ్లా పడి పీర్ల పండుగ దాకా గడువు అడిగాడు.

ఆ మరునాడే అన్న పెంటకుప్ప మీద మందు ఒలకబోస్తూ నాకు కనిపించాడు. ఎందుకని అడిగాను.

"నాకు రోగం తక్వైతే నిన్ను పంపాల్నే," అన్నాడు. "పడుడు నాకు అలవాటే. నీకు గడి అలవాటు గావద్దు. అమ్మకు చెప్పకు."

చెప్పలేదు. ఒక మాట దాచకుండా రాయాలి. అన్న అలా అన్నప్పుడు నాకు ఏడుపు రాలేదు, సంతోషమేసింది. హమ్మయ్య అనుకుని జొన్నరొట్టె తిని పడుకున్నాను. పండుగకు ముందే అన్న నడివీధిలో పడ్డాడు. మందు పనిచేయలేదని అమ్మ దవాఖానను తిట్టింది, దేవుణ్ణి తిట్టింది. నేను పక్కనే కూర్చుని విన్నాను. ఇప్పుడు ఈ జబ్బుకు గోలీలు దొరుకుతున్నాయి. మందుల దుకాణంలో ఎవరైనా పిల్లల కోసం అవి కొంటుంటే నేను వాళ్ల ముఖం చూడలేను.

ఆ వానాకాలం అన్న కూలికి ఎవరివో ఎడ్లు కడగడానికి కాలువకు పోయాడు. బోర్లా పడి ఉంటే ఎవరో చూశారు. అక్కడ నీళ్లు చీలమండ దాటవు.

దినాలు కాగానే సుంకరి మళ్లీ వచ్చాడు. అతనూ వెట్టివాడే, తల వంచుకునే చెప్పాడు.

"రోగం పిలగానితోనే పాయె. ఇగ బిడ్డను పంపున్రి."

బాపు గడప మీద కూర్చున్నాడు. అమ్మ గుడిసె గుంజ పట్టుకుని నిలబడింది. నేను వాళ్ల ముందే వాకిట్లో పడిపోయాను. మెడ ఎటు తిప్పాలో, ఏ చెయ్యి ముందు బిగుసుకోవాలో, నురగ ఎప్పుడు రావాలో నాకు తెలుసు. ఏళ్ల తరబడి అన్న పక్కన కూర్చుని చూసిన దాన్ని కదా. సుంకరి వెనక్కి జరిగి, పిల్లకూ ఉన్నదని గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. ఆ తర్వాత గడి నుంచి మా ఇంటికి ఎవరూ రాలేదు.

సుంకరి వెళ్లిపోయాక కూడా కళ్లు తెరిచే ధైర్యం నాకు లేకపోయింది. అమ్మ వచ్చి నా తల ఒళ్లో పెట్టుకుంది. అది దొంగ మూర్ఛ అని ఆమెకు తెలుసో లేదో నేను ఎన్నడూ అడగలేదు. కొంగుతో నా నోటి నురగ తుడుస్తూ, "కొడుకా, కొడుకా" అని ఏడ్చింది.