ముక్కుకు సెలవు

బంగారుపాళ్యంలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు మాగబెట్టే గదులకు నేను ఇన్‌ఛార్జి. ఇన్‌ఛార్జి అంటే ఇంకేం లేదు, నా ముక్కే. తలుపు సందులోంచి వాసన పీల్చి, నాలుగు కాయలు బొటనవేలితో నొక్కి, రేపు తియ్యొచ్చు అని నేనంటే తియ్యల్ల, వద్దంటే ఆగల్ల. లెక్క తప్పితే గదంతా కుళ్లు. అందుకని సీజన్‌లో నేను యాడికి పోయినా ఫోన్ మోగతానే ఉండేది. పెండ్లి పంక్తిలో మోగిందంటే నాకు ఎంత గొప్పో! మా ఇంటామెకి మాత్రం ఒళ్లు మండేది.

ఈసారి కొత్తగా వచ్చిన మేనేజరమ్మ మీటింగు పెట్టింది. నా తలలో ఉండేదంతా నలుగురి తలల్లోకి పోవల్లంట, దాన్ని నాలెడ్జ్ మేనేజ్‌మెంట్ అంటారంట. నాకు తిక్క రేగింది. నా ముక్కు కోసి అందరికీ పంచుతారా అనుకున్నాను. కానీ అదే నెలలో తిరుపతిలో ఇంటామెకి మోకాలి ఆపరేషన్. ప్రతి ఏడూ సీజన్ అని వాయిదా వేస్తా వచ్చినాను. ఈసారి నేను రాకపోతే వాళ్లన్నతో పోతానని తెగేసి చెప్పింది.

సరేనని ముందు ఒక వీడియో తీయించినాను. సూస్తే సగం నా అనుభవం గురించే. మిగతా సగంలో కాయ కనపడలేదు, నా పొట్ట అడ్డం. దాన్ని ఎవురూ సూడలేదు. ఇంక లాభం లేదని, కాయలేరే ఇద్దరు ఆడోళ్లని రోజూ గది కాడికి తీసకపోయినాను. కాయ మాగిందో లేదో ముందు వాళ్లు చెప్పల్ల, ఆ తర్వాతే నేను. వాళ్లు తప్పు చెప్తే లోపల్లోపల నాకు సంబరం. రాన్రాను వాళ్ల మాటా నా మాటా ఒకటే అయింది, నా సంబరం కాస్తా పోయింది.

ఆపరేషన్ బాగా జరిగింది. ఆసుపత్రి వరండాలో ఫోన్ పట్టుకోని కూర్చున్నాను. మోగలేదు. సిగ్నల్ లేదేమోనని కిందికి పోయి సూసినాను. మరుసటి రోజు ఓర్చుకోలేక నేనే చేసినాను. గది తెరిచేసినారంట, గుజ్జు బ్రహ్మాండంగా వచ్చిందంట. మీరు అక్కని సూసుకోండి సార్, లోడు వచ్చింది అని పెట్టేసినారు.

మంచం కాడికొచ్చి ఇంటామెకి చెప్పినాను.

"ఒక్క గంపన్నా కుళ్లిపోయుంటే బాగుండు."

ఆమె నవ్వలేదు. చెయ్యి సాపింది.

"నన్ను లేపి నడిపించు. ఈ పని నువ్వు ఇంకా ఎవురికీ నేర్పలేదులే."

నాకు కండ్లలో నీళ్లు తిరిగినాయి. గబగబా చంకల కింద చేతులు పెట్టి లేపబోయినాను. అట్ట కాదు సార్, కాలు మెలిక పడతాది అని నర్సమ్మ నా చేతులు తీసి పక్కన పెట్టి, మొదట్నుంచి నేర్పింది. నోరు మూసుకోని నేర్చుకున్నాను.