ఖాళీ డబ్బాలతో నాగాయలంక

మా గుడివాడ చర్చి స్త్రీల సమాజం ఒక పందెం పెట్టింది. నెల పాటు ఇంట్లోకి వచ్చిన ప్రతి ప్లాస్టిక్ కవరూ, ప్యాకెట్టూ ఒక సంచిలో దాచాలి. చివరి ఆదివారం తూకం వేస్తారు, ఎవరి సంచి తేలికగా ఉంటే వాళ్ళు గెలిచినట్టు. ఊరెళ్ళి తెచ్చుకున్న కవర్లకూ మినహాయింపు లేదు. సరిగ్గా ఆ నెలలోనే నాగాయలంక నుంచి మావారి అక్క, శాంత వదిన, ఫోన్ చేసి ఒకసారి వచ్చి వెళ్ళమంది. రెండేళ్ళుగా మాటల్లేవు. వాళ్ళమ్మాయి పెళ్ళి నుంచి తిరిగొస్తూ "అక్క మా చేతిలో ఇంత పచ్చడైనా పెట్టలేదు" అని మావారు ఎవరితోనో అన్నారు, ఆ మాట ఆమె చెవిన పడింది. ఇప్పుడు ఆయనకు వెళ్ళాలనీ ఉంది, మొహం చెల్లడమూ లేదు. ముందు నన్ను వెళ్ళి చూసి రమ్మన్నారు. ఈసారి కూడా చెడితే అక్కాతమ్ముళ్ళు ఇక కలవరని నాకు తెలుసు. అయినా నా బుర్ర నిండా కవర్లే. ఆ వైపు వెళ్తే ఎండు చేపలు కట్టివ్వకుండా పంపరు, వాసన రాకుండా కవరు మీద కవరు చుడతారు. అందుకని నాలుగు స్టీలు డబ్బాలు సంచిలో పెట్టుకున్నాను.

ఉదయం ఏడింటికి గుడివాడలో బస్సెక్కి పామర్రులో దిగితే, అక్కడి నుంచి కూచిపూడి, చల్లపల్లి మీదుగా అవనిగడ్డ బస్సులు ఉంటాయి. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్ లేదు. పులిగడ్డ దగ్గర కృష్ణ పాయ దాటితే దివిసీమ. అవనిగడ్డలో స్వీట్లు కొందామంటే అన్నీ ప్లాస్టిక్ పెట్టెల్లోనే ఉన్నాయి, మానేశాను. నా డబ్బాలోనే వేయించుకోవచ్చన్న తెలివి అప్పుడు రాలేదు. అక్కడి నుంచి నాగాయలంకకు షేర్ ఆటోకి ముప్పై రూపాయలు. సంచిలో గలగల విని ఆటో అతను వంటలేమైనా తీసుకెళ్తున్నారా అని అడిగాడు. ఖాళీవే అన్నాను.

"ఖాళీ డబ్బాలతో చుట్టాలింటికా అండీ?" అని అద్దంలో నన్నోసారి చూశాడు. ఎందుకలా చూశాడో నాకర్థం కాలేదు.

వదిన గేటు దాకా ఎదురొచ్చి నా చేతిలో సంచి అందుకుంది. తమ్ముడు ఏమైనా పంపాడనుకుంది కాబోలు, అరుగు మీదే ఒక డబ్బా మూత తీసింది. ఖాళీ. రెండోదీ ఖాళీ. మూతలు పెట్టేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఎండకు అలసిందేమో అనుకున్నాను. కాసేపటికి గానీ నాకు విషయం తట్టలేదు. పచ్చడి పెట్టలేదని మాట అన్న ఇంటి నుంచి, పచ్చడి పట్టుకెళ్ళడానికి నేనే ఖాళీ డబ్బాలు మోసుకొచ్చాను. భయమేసింది. వెనకాలే వెళ్ళి పందెం గురించి గబగబా చెప్పాను. నాకే అది కట్టుకథలా వినిపించింది. వదిన వింటూనే కంచం పెట్టింది. రొయ్యల ఇగురు, గోంగూర పప్పు కొసరి కొసరి వడ్డించింది. అది కోపమో, ప్రేమో నాకు తేలలేదు.

మధ్యాహ్నం బయల్దేరేముందు నా డబ్బాలు తెచ్చి రొయ్యల పచ్చడి, ఎండు రొయ్యలు, సున్నుండలు కూరి కూరి నింపింది. ఇంకా మిగిలాయి. అలవాటుగా మేకుకు వేలాడే కవరు మీదకు చెయ్యి పోయింది, ఆగింది. పైనుంచి తన పేరు చెక్కించిన పెద్ద స్టీలు గిన్నె దించింది.

"కవర్లో పెట్టిస్తే అక్కడితో అయిపోద్ది కరుణా. ఇది నా గిన్నె, మళ్ళీ నాకు రావాలి. తమ్ముణ్ణే తెచ్చిమ్మను."

తలూపి గిన్నె అందుకున్నాను. బస్సులో గిన్నె ఒళ్ళో పెట్టుకుని ఎందుకేడుస్తున్నానో తెలియకుండానే ఏడ్చాను.

ఆదివారం తూకంలో మా సంచి మూడోదిగా వచ్చింది, పాల ప్యాకెట్లు ముంచాయి. దాని గురించి దిగులు లేదు. వదిన ఆ రోజు నన్ను క్షమించిందో, దెప్పిందో, రెండూ చేసిందో నాకిప్పటికీ తెలియదు. కవరు ఎంత సౌకర్యమో మాత్రం తెలిసింది. దాన్ని ఎవరికీ తిరిగివ్వక్కర్లేదు, ఎవరి మొహమూ మళ్ళీ చూడక్కర్లేదు. మావారు ఆ గిన్నె మీది పేరు రోజూ చూస్తున్నారు. నిన్న తనంతట తనే, పామర్రులో అవనిగడ్డ బస్సు ఎన్నింటికని అడిగారు.

మీరూ అటు వెళ్తే డబ్బాలు తప్పకుండా తీసుకెళ్ళండి, కానీ వెళ్ళేటప్పుడు ఏదో ఒకటి వేసి తీసుకెళ్ళండి, గుప్పెడు మరమరాలైనా సరే. వదిన గిన్నెలో ఏం పెట్టాలన్నది మాత్రం ఇంకా తేలలేదు. ఆయనేమో, అక్కకు చిన్నప్పటి నుంచి ఏమిష్టమో గుర్తు రావట్లేదని వంటింటి గుమ్మంలోనే నిలబడి ఉన్నారు.