రోటా మార్చుకోలేదు

ఈ రోజు ఆదివారమైనా పొద్దున ఆరింటికే ఇంగ్లండులోని స్విండన్ ఆఫీసులో డ్యూటీ ఎక్కాను. సాయంత్రాలు బేస్‌బాల్ చూడాలని నా సాయంత్రం షిఫ్టులు నాతో పనిచేసే సురేష్‌కిచ్చి, అతని ఆదివారం ఉదయాలు నేను తీసుకున్నాను. తీరా చూస్తే అమెరికాలో జట్ల యజమానులకూ ఆటగాళ్ళకూ ఒప్పందం కుదరక మైదానాలకు తాళాలు పడ్డాయి. సీజనే మొదలవలేదు.

సురేష్ జాలిపడ్డాడు. "మ్యాచ్‌లే లేవు గదన్నా, షిఫ్టుల రోటా మళ్లా మార్చుకుందామా?"

"వద్దులే తమ్ముడూ. మార్చుకుంటే ఈ ఏడు ఆట లేదని నేనే సంతకం పెట్టినట్టయితాది."

సాయంత్రం ఆరింటికి అలవాటుగా టీవీ పెడితే పాత మ్యాచ్ వేస్తున్నారు. ఎవరు గెలుస్తారో తెలుసు. అయినా చూస్తూ కూర్చున్నాను. వచ్చే ఆదివారానికీ ఐదింటికి అలారం పెట్టుకున్నాను.

నిజం చెప్పండి, మీరైతే మార్చుకునేవారా?