బావ బరువుకు పెట్టిన సైకిలు

మొన్న ఆదివారం పుంగనూరు ఆస్పత్రిలో ఒక నర్సమ్మ నా చెవిలో నుంచి టమోటా విత్తనం తీసింది. నవ్వతాండారా? నవ్వండప్పా. నేనూ నవ్వినా. మధ్యలో ఏడుపు కూడా వచ్చింది. మొదట్నుంచి చెప్పనీండి, లేకుంటే ఉత్త ఎర్రోడి మాదిరి కనపడతా. మొదట్నుంచి చెప్పినా అట్లే కనపడతాననుకోండి, అది వేరే సంగతి.

ఇదంతా ఒక సైకిలు వల్ల. అది నాది కూడా కాదు. మా బావ దేవరాజుది.

మా అక్క విమల పుంగనూరులో నర్సు. బావ కుప్పంలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. వారమంతా ఆడ రూములో ఉండి, శనివారం సాయంత్రం బస్సుకు ఇంటికొచ్చేవాడు. పొట్టిగా, సన్నగా, గట్టిగా గాలి తోలితే ఎగిరిపోతాడేమో అన్నట్టుండే మనిషి. నేనేమో మదనపల్లెలో కాలేజీ ఆఫీసులో పొద్దంతా కుర్చీలో కూర్చునే పని. నన్ను చూస్తానే ఆ సంగతి తెలిసిపోతాది కదా.

బావకు సైకిలంటే పిచ్చి. వాళ్ళ నాయన కూలికి పోయేవాడు, ఆ ఇంట్లో సైకిలే లేదు. ఉద్యోగమొచ్చినాక అందరూ మోటారు బండి కొంటే ఈయన సైకిలు కొన్నాడు. కుప్పం చుట్టుపక్కల గుట్టల్లో దోవలన్నీ తిరిగినాడు. కడాకు బెంగుళూరులో ఒకాయనను పట్టుకున్నాడు. ఆయన స్టీలు పైపులు అతికించి, మనిషి కొలతకు సరిగ్గా మౌంటెన్ బైకు చేసిస్తాడంట. ముందరా వెనకా సస్పెన్షను.

"ఇనుమా బావా? ఇప్పుడంతా అల్యూమినియం, కార్బన్ అంటాండారు కదా?" అన్నా.

"సుధాకరా, ఇనుము దెబ్బ తగిలితే వంగుతాది. ముందే మనకు తెలుస్తాది. ఆ మిగతావి పగిలినాకే చెప్తాయి" అన్నాడు.

అక్క చేత టేపు పట్టించి కాళ్ళు, చేతులు, నడుము కొలిపించుకున్నాడు. "పెళ్ళి సూటుకు కూడా ఇన్ని కొలతలు ఇయ్యలేదు ఈయప్ప!" అని అక్క తిట్టుకుంటానే కొలిచింది.

సైకిలు తయారయ్యే లోపల బావ చనిపోయినాడు. డ్యూటీలోనే గుండె ఆగిపోయింది.

సమాధి చేసేటప్పుడు అక్క ఏడ్వలే. వచ్చినోళ్ళకు కాఫీలు అందినాయా, పాస్టరు గారికి కుర్చీ వేసినారా అని చూసుకుంటాండింది. మరుసటి వారమే డ్యూటీకి పోయింది. ఆమె గట్టి మనిషి అని అందరూ అన్నారు. నేనూ అన్నా.

బావ ఫోను మాత్రం రోజూ చార్జింగు పెట్టేది. ఒకరోజు అది మోగింది. బెంగుళూరాయన.

"దేవరాజ్ సార్ ఉన్నారా? సైకిల్ రెడీ ఆయ్తు అని చెప్పాలమ్మా."

అక్క "చెప్తాను" అనింది.

"పెట్టె కుప్పం అడ్రసుకే పంపిస్తాను. సార్‌కు చెప్పండి, తప్పకుండా ఫోటో పంపమనండి."

"చెప్తాను" అని మల్లా అనింది. అంతే. ఫోను పెట్టేసింది. ఈ మాటలన్నీ నాకు చెప్పి, "నువ్వు పొయ్యి తెస్తావా రేయ్?" అని అడిగింది.

పోయినా. ఫ్యాక్టరీ వాచ్‌మన్ రూములో పెట్టెను గోడకానించి, ఎవరూ తాకకుండా పైన దుప్పటి కప్పినారు. బస్సులో పట్టలే. సరుకు దింపి ఖాళీగా పుంగనూరు పక్కకు వస్తాండే టెంపో దొరికింది. వెంకటగిరికోటలో టీకి ఆపినాడు డ్రైవరు.

"లోపలేముండాది సార్?"

"సైకిలు."

"ఎవురికి?"

నోట్లో నుంచి "మా బావకు" అని వచ్చేసింది.

"అదృష్టవంతుడు సార్ మీ బావ. మా బావమరిది ఒక పంచె గూడా పెట్టింది లే!"

టీ తాగినా.

ఇంటి ముందర పెట్టె విప్పి, వీడియోలు చూసుకుంటా బిగించినా. చక్రాలు, హ్యాండిలు, సీటు. అప్పుడు చూసినామప్పా దాన్ని! సన్నని పైపులు, వేపాకు రంగు. అల్యూమినియం సైకిళ్ళకు ఉండే మాదిరి లావు పైపులు కాదు. మా బావ మాదిరే సన్నంగా ఉండాది. లేపితే మాత్రం బరువుండాది. చక్రం తిప్పితే కిర్రుమని గట్టి చప్పుడు. బ్రేకు మీద ఒక్క వేలు పెడితే చాలు, కరుచుకుంటాది. వీధిలో వాళ్ళంతా ఒక్కొక్కరే వచ్చి సీటు మీద చెయ్యేసి అదమడమే. అదిమితే దిగతాది, వదిలితే లేస్తాది. "ఓయబ్బ, ఎగరతాండాదే!" అంటారు. "ఇంత సైకిలుకు ఇంజనే లేదా?" అంటారు. ఎదురింటి మునెమ్మ అయితే "వెనక క్యారియరు లేదు, అక్కను యాడ కూర్చోబెట్టుకుంటాడు..." అనబోయి, నాలుక కరుచుకొని లోపలికి పోయింది.

అక్క గడపలో నిలబడి చూస్తాండింది. "నువ్వు తోలురా" అనింది.

ఎక్కినా. ఉస్సుమని వెనకభాగం కిందికి దిగిపోయింది. నా మోకాళ్ళు హ్యాండిలుకు తగులుతాండాయి. గొర్రెపిల్ల మీద ఎద్దు ఎక్కినట్టుందంట. నేను కాదు, అక్క అనింది. అని నవ్వింది! బావ పోయినాక ఆమె నవ్వడం నేను చూసింది అదే మొదలు.

సంగతేమంటే, ఈ సైకిలుకు వెనక షాకులో, అదే కుదుపులు మింగే గొట్టంలో, గాలి ఉంటాది. ఎక్కే మనిషి బరువును బట్టి ఆ గాలి పెట్టాల. బెంగుళూరాయన బావ బరువడిగి దానికి సరిగ్గా పెట్టి పంపినాడు. చిన్న పంపు కూడా పెట్టెలోనే ఉండాది. అది తీసినా.

"యాలరా అది?"

"గాలి కొట్టాల అక్కా. ఇది బావ బరువుకు పెట్టింది. నాకు చాలదు."

అక్క నవ్వు ఆగిపోయింది. ఆ షాకునే చూస్తా ఉండిపోయింది.

"ఈ పొద్దుకు ఉండనీరా" అనింది.

ఉండనిచ్చినా. పంపు మల్లా పెట్టెలో పెట్టేసినా. మీరైతే ఏం చేస్తారో నాకు తెల్దు.

ఆదివారం పొద్దున చర్చి అయినాక, "అట్ల పెద్దపంజాణి రోడ్డులో ఇటుకల బట్టీ దాకా పోయొస్తా" అని బయల్దేరినా. అక్క చర్చి చీరలోనే వంటింట్లోకి పోయింది.

తారు రోడ్డు మీద అది పల్లకీ మాదిరి పోయిందప్పా. అబద్ధం చెప్పను. పెడలు తొక్కినప్పుడంతా ఊయల ఊగినట్టు కిందికీ పైకీ ఊగతాది, అది నా బరువుకు. గేరు మారిస్తే టిక్కుమని పడతాది. చెమట పడతాంటే చల్లగాలి. మా బావ ఇదే కోరుకున్నాడు కదా, ఈ గాలే కదా అనుకున్నా. కండ్లు తుడుచుకుంటా తోలినా. అది తప్పు. మౌంటెన్ బైకు కదా, మట్టి దోవలో చూద్దామని ఇటుకల బట్టీ పక్క దోవలోకి తిప్పినా. అది ఇంకా పెద్ద తప్పు.

దోవ కిందికి వాలుగా ఉండాది. చిన్న రాళ్ళు, గుంతలు. ముందర చక్రం అన్నీ మింగేస్తాండాది. నాకు ఒంటికి ఒక్క దెబ్బ తగల్లే. "ఆహా!" అనుకున్నా. ఆ "ఆహా"లో ఉండంగానే పెద్ద గుంత వచ్చింది. వెనక షాకు కింద దాకా దిగి, ఠప్పుమని తగిలి, లోపలున్న బలమంతా తీసి నన్ను ఒక్క తోపు తోసింది. గుర్రం కాలెత్తి తన్నినట్టు! సైకిలు ఒక పక్క, నేను ఒక పక్క.

నేను పడింది యాడనుకున్నారు? ధర పడిపోయిందని ఎవరో రైతు దోవ పక్కన పారబోసిన టమోటాల గుట్టలో. తలకాయి ముందుగా!

మెత్తగానే ఉండాది. కానీ రొమ్ము అదుముకొని ఊపిరాడలే. నోరు తెరిస్తే గొంతు రాదు. నెత్తి మీద నుంచి ఎర్రగా కారతాండాది. పక్క చేన్లో కలుపు తీస్తాండే ఆడోళ్ళు చూసినారు.

"అయ్యయ్యో! తల పగిలిపోయిందే!"

"రగతం సూడే, రగతం!"

టమోటాలమ్మా అని చెప్పాలని చెయ్యి ఊపినా. "కడా సూపు సూస్తాండాడు" అనింది ఒకామె.

సరిగ్గా అప్పుడే దోవలో పడిన నా ఫోను మోగింది. అక్క. అన్నం చల్లారిపోతాండాదని చేసింది. పెద్దామె ఒకామె ఫోను తీసింది.

"అమ్మా, నీ సైకిలప్ప పోయినాడమ్మా! ఇటుకల బట్టీ కాడ. బిరీన రా!"

ఆ తర్వాత "టమోటాల్లోకి" అని కూడా అనింది పాపం. కానీ అంతలో లైను కట్టయిపోయింది.

నాకు ఊపిరి తిరిగింది. లేచి కూర్చున్నా. "అమ్మా, దెబ్బలేం తగల్లే, ఇది టమోటా" అని చెప్పినా. ఆ పెద్దామె నా నెత్తి మీద వేలు పెట్టి, నాలుకకు రాసుకొని చూసింది. "అవునే, టమోటానే!" అనింది. అందరూ ఒకటే నవ్వు. నేనూ నవ్వినా. ఇంటికి ఫోను చెయ్యాలనే తెలివి ఆ నవ్వులో ఎవరికీ రాలే. నాకు అసలే రాలే.

ఆటో వచ్చింది. అక్క దిగింది. చెప్పులు లేవు. చర్చి చీర కుచ్చిళ్ళు చేత్తో పట్టుకొని ఉరికి వస్తాండాది. మా అక్క ఉరకడం నేను ఎప్పుడూ చూడలే.

నా ముందర వచ్చి నిలబడింది. నా తల పట్టుకొనింది. వేళ్ళు తీసి చూసుకొనింది. వాసన చూసింది. మల్లా చూసింది.

చెంప మీద ఒకటి పీకింది. టమోటా రసం ఎగిరి పెద్దామె మీద పడింది.

"అక్కా, నాకేం కాలే..."

అక్క ఆ గుట్ట పక్కనే మట్టిలో కూలబడి ఏడ్వడం మొదలుపెట్టింది. అట్లాంటి ఇట్లాంటి ఏడుపు కాదప్పా. నేను ఆమె చెయ్యి పట్టుకున్నా. నా చెయ్యి టమోటా.

"ఆ పొద్దు కూడా ఇట్లే చెప్పినారురా" అనింది. "కుప్పం నుంచి ఫోను చేసి, దేవరాజు పోయినాడమ్మా అన్నారు. నేను 'యాడికి పోయినాడు?' అని అడిగినా. ఎప్పుడూ సైకిలేసుకొని యాడికో ఒక తావుకు పోతాంటాడు కదా! 'యాడికి?' అని అడిగినానురా. అవతలాయన ఏడ్సినాడు. నేను ఏడ్వలే. నాకు అప్పుడు కూడా అర్థం కాలే."

ఆ మాట ఇన్నాళ్ళూ ఆమె ఎవరికీ చెప్పలే.

ఫోను చేసిన పెద్దామె వచ్చి అక్క పక్కన కూర్చుని, వీపు రాస్తా, "నా నోరు పడిపోను. ఏడువమ్మా, ఏడువు" అనింది. నేను లేవబోతే, "నువ్వు గమ్మున కూసో అప్పా, ఏడ్సనీ" అనింది. కూర్చున్నా. అక్క ఏడుపు అయ్యేదాకా ఆ ఎర్ర గుట్టలో అట్లే కూర్చున్నా. ఈగలు ముసురుకున్నా కదల్లే.

అదే ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోయినారు. వద్దంటే ఎవరింటారు? అక్కతో పనిచేసే నర్సమ్మ దూదితో ముఖమంతా తుడిచి తుడిచి, మోచేతి మీద ఒక గీరుడు మాత్రం కనుక్కొనింది. "ఏ గ్రూపన్నా నీది? నాటా, హైబ్రిడ్డా?" అని అడిగింది. కండ్లు వాచిపోయిన మా అక్క కూడా నవ్వింది. విత్తనం దొరికింది అప్పుడే.

సైకిలుకు ఏమీ కాలే. పైపు మీద ఒక గీత కూడా పడలే.

సాయంత్రం అక్క పాత టవలు తడిపి దాన్నంతా తుడిచింది. చైనులో ఇరుక్కున్న తొక్కలు పిన్నీసుతో తీసింది. నేను అరుగు మీద కూర్చుని చూస్తాండా. తుడవడం అయినాక, చూడీదార్లో ఉండాది కదా, కాలు అట్ల వేసి ఎక్కి కూర్చునింది!

వెనకభాగం కొంచెం దిగింది. అంతే, నిలబడిపోయింది. చేతులు హ్యాండిలు మీద సరిగ్గా ఉండాయి. మోకాళ్ళు యాడా తగల్లే. వాళ్ళిద్దరిదీ ఒకే ఎత్తు, ఇంచుమించు ఒకే బరువు. ఇన్ని రోజులూ మాకు ఎవరికీ తట్టలే.

"అక్కా, నీకు సరిపోయిందే!"

అక్క పెడలు మీద కాలు పెట్టింది. చిన్నప్పుడు తొక్కిందే, మరిచిపోయి ఉంటాది, పడతాదేమోనని నేను పోయి సీటు పట్టుకున్నా. కదిలింది. వెనక నేను ఉరుకుతాండా.

"వదులురా."

"వద్దక్కా, పడతావు."

"వదలమంటాండానా!"

వదిలినా. మా అక్క పోయింది. కొంచెం అటూ ఇటూ ఊగి, తర్వాత నేరుగా. వీపు నిటారుగా పెట్టుకొని, చున్నీ ఎగరతాంటే, వెనక్కి తిరిగి చూడకుండా పోయింది. చూడకపోవడమే మంచిదైంది. ఎందుకంటే ఉరికిన వేగం ఆపుకోలేక నేను పొయ్యి, ఎదురింటి మునెమ్మ ఆరబోసిన రాగుల మీద జారి, వెల్లకిల పడినా.

పొద్దున పడినప్పుడు షాకులో గాలి తక్కువన్నా, గుంత అన్నా, దోవ బాగలేదన్నా. ఈసారి ఏం చెప్పేదప్పా? సైకిలు వీధి మలుపు కాడ ఉండాది. దాని మీద మా అక్క ఉండాది. నేనొక్కడినే రాగుల్లో ఉండాను.