కొలువులో చోటు దక్కని దంతపు రైతులు

సుభద్రమ్మగారి దంతపు బొమ్మలను దసరా కొలువు మెట్ల మీద నుంచి దించేశారు. ఆమె కన్నుమూసి నెలైనా తిరగలేదు.

ఆమె ఇక లేరని ఆమె కోడలు ఫోనులో చెప్పింది. ఈ వయసులో మరణవార్తలు కొత్త కాదు. ఇది మాత్రం మోయలేకపోయాను.

కెనడాలోని మా ఒంటారియో లండన్‌లో ఆమె చిరకాలం నర్సుగా రోగులకు శుశ్రూష చేశారు. పొరుగున ఉండే జపాను వృద్ధురాలు అంత్యకాలంలో ఆ బొమ్మలను ఆమె చేతిలో పెట్టింది. నూరేళ్ళు దాటిన పనితనం. గడ్డిచెప్పు బిగించుకుంటున్న కట్టెలవాడు, బుట్టలోకి తొంగిచూసే జాలరి, చేటతో ధాన్యం చెరిగే అవ్వ, పారకు ఆనుకుని నిట్టూర్చే రైతు. ఒక్కరూ జానెడు లేరు. బడి చదువు అంతగా లేనివాణ్ణి నేను. గ్రంథాలయంలో పుస్తకాలు తిరగేసి, ఆనాటి శిల్పులు దేవతలనే కాక పల్లెజనాన్నీ దంతంలో చెక్కేవారని తెలుసుకున్నాను.

ఇక్కడి మన తెలుగు సంఘం కొలువులో ఏటా అట్టడుగు మెట్టు ఆ నలుగురిది. పెట్టేముందు ఆమె చేతులు జోడించేవారు. ఎవరికని అడిగితే, "ముందు ఏనుక్కండీ. దాని ప్రాణం తీసి చేశారు. ఆ పాపం ఎలాగూ పోదు, దాచిపెడితే మాత్రం పోతుందా?" అన్నారు.

జపాను వాళ్ళకు మన కొలువులో ఏం పనని ఒకావిడ దెప్పింది. సుభద్రమ్మగారు తల ఎత్తలేదు. "మనకి కెనడాలో ఏం పనమ్మా? వచ్చాం. కూర్చోనీ."

ఇంకో ఏడు ఓ చిన్నపిల్ల, "ఆర్ దే గాడ్స్, ఆంటీ?" అంది. "కాదు తల్లీ, గాడ్స్‌కి అన్నం పెట్టేవాళ్ళు."

ఆసుపత్రిలో చివరిసారి చూడబోయినప్పుడు ఆమె కోరింది ఒక్కటే: "వాళ్ళని ఈసారి మీరు కూర్చోబెట్టండి అన్నయ్యగారూ." సరేనన్నాను.

మాట ప్రకారం కూర్చోబెట్టాను. కాఫీ తాగి వచ్చేసరికి నలుగురూ చెప్పుల అట్టపెట్టెలో, మడత కుర్చీల వెనక. దంతమంటే ఎముకేనట, అమ్మవారి ముందు మైలట. పైగా దంతపు వ్యాపారం మీద ఇక్కడ ఆంక్షలున్నాయి, ఎవరైనా కంప్లైంట్ ఇస్తే అద్దె హాలు పోతుందని సంఘం కార్యదర్శి భయం. ఏనుగు ముఖాన్ని పై మెట్టున పూజిస్తూ దాని దంతాన్ని మైల అనడమేమిటని నిలదీశాను. "చూద్దాం అంకుల్" అన్నాడు. అమ్మకానికి పెట్టామా, ఇన్నేళ్ళుగా లేని మైల ఆమె పోగానే ఎలా వచ్చిందని సందేశం మీద సందేశం పంపాను. అలిసిపోయాను. ఆమె ఉంటే ఒక్క మాటతో సరిపోయేది. అటువంటి మాట చెప్పగల మనిషి ఈ ఊళ్ళో మరొకరు లేరు, ఇక రారు. ఆ పుణ్యమూర్తికి నా అంజలి.

నవరాత్రులు ముగిసే వేళకు జవాబొచ్చింది:

"అంకుల్, కమిటీలో డిస్కస్ చేశాం. బొమ్మలు వద్దు. ఆ ప్లేస్‌లో ఆంటీ ఫొటో పెట్టి దండ వేశాం. ఇప్పుడు ఓకేనా?"