మళ్లీ చేస్తాడా?

1961. రాష్ట్రం కొత్తది, ప్రొబేషన్ ఆఫీసరుగా నా ఉద్యోగం ఇంకా కొత్తది. మా కోర్టున్న మార్కాపురం అప్పటికి కర్నూలు జిల్లాలోనే ఉండేది. నేరం రుజువైనవాణ్ని జైలుకు పంపకుండా బాండు మీద, అంటే మంచి నడతకు పూచీ రాయించుకుని, వదలవచ్చా అని విచారించి కోర్టుకు రిపోర్టు ఇవ్వడం నా పని. మా మేజిస్ట్రేటుగారికి ఆ రిపోర్టులు గిట్టేవి కావు. నన్ను చూడగానే, జోస్యం చెప్పేవాణ్ని అడిగినట్టు, "చిలకేదండీ, తీసుకురాలేదా?" అనేవారు.

గురవయ్య అనే గొర్రెల కాపరి కంభం పక్క పల్లెలో తిరపతయ్య అనే రైతు పొట్టేలును దొంగిలించి, పొదిలిలో అమ్మబోతూ దొరికాడు. అదే మొదటి నేరం.

"చేసినదానికి శిక్ష వెయ్యడం నాకు తెలుసు. చెయ్యబోయేది నాకెలా తెలుస్తుంది?" అన్నారు మేజిస్ట్రేటుగారు. "వీడు మళ్లీ చేస్తాడా, చెయ్యడా? ఒక్క ముక్కలో రాయండి. మందతో నల్లమల ఎక్కితే వీణ్ని ఎక్కడ వెతకను?"

చెయ్యడని నేను రాశాక చేస్తే? చేస్తాడని రాసి, ఊరికే ఒక మనిషి బతుకు చెడగొడితే?

పల్లెకు వెళ్లాను. "మేత లేక సగం గొర్లు చచ్చినాయి సారూ. వాడు జైలుకు పోతే మిగిలినవీ పోతాయి," అన్నాడు గురవయ్య పెదనాయన. సొంతవాళ్లు అట్లాగే అంటారు కదా. అందుకని తిరపతయ్య దగ్గరికి పోయాను. కోతలయ్యాక ఎరువు కోసం కాపరుల మందలను రాత్రిపూట చేలో పడుకోబెట్టుకోవడం అక్కడి రైతుల అలవాటు. నమ్మకం లేని కాపరిని గట్టు దాటనివ్వరు.

"ఈ ఏడు గురవయ్య మందను నీ చేలోకి రానిస్తావా?" అని అడిగాను.

"నన్నే అడుగుతావేంది సారూ!" అని కస్సుమన్నాడు. తరువాత తనే, "ఒక్కడే వస్తే రానీను. వాళ్ల పెదనాయన గూడా ఈడనే పండుకుంటానంటే రానీ. ఆయన ముందర వాడు తలెత్తడు," అన్నాడు.

'మళ్లీ చేస్తాడో లేదో చెప్పలేను' అని మొదలుపెట్టి, తిరపతయ్య అన్న మాటలే రిపోర్టులో రాశాను. మేజిస్ట్రేటుగారు రెండుసార్లు చదివి, పెదనాయనను జామీను పెట్టుకుని గురవయ్యను వదిలారు.

ఆ ఎండాకాలమంతా నాకు కంటి మీద కునుకు లేదు. ఒకరోజు గిద్దలూరులో గొర్రెల దొంగ దొరికాడని తెలిసి, చెప్పులు కూడా వేసుకోకుండా కోర్టుకు పరిగెత్తాను. మేజిస్ట్రేటుగారు అప్పటికే వరండాలో నిలబడి ఉన్నారు.

"మన గురవయ్య కాదండీ," అన్నారు ముఖం తుడుచుకుంటూ.

మనిషిని ఒంటరిగా చూసి మంచివాడో చెడ్డవాడో తేల్చడం నా వల్ల కాదని ఆ కేసుతో తెలిసింది. ఆ తరువాత ఆయన నన్ను చిలక గురించి అడగలేదు. కొత్త కేసు వచ్చినప్పుడల్లా ఒకటే అడిగేవారు:

"వీడి పక్కన ఎవరుంటారండీ?"