కుంకుడు రసంలో ఓపల్ లాకెట్టు

ఓపల్ అనే మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. రాయి తప్పేమీ లేదని తెలుసు. అయినా మండుతుంది.

సౌదీలోని బురైదాలో మా ఆసుపత్రి నర్సులకిచ్చిన బిల్డింగులో ఒక పద్ధతుంది. ఎవరు సెలవు మీద ఊరికి బయల్దేరినా, మిగతావాళ్ళు ఇళ్ళకి పంపాల్సినవన్నీ తెచ్చి వాళ్ళ పెట్టెలో సర్దేస్తారు. ఖర్జూరాలు, పాలపొడి డబ్బాలు, సెంటు సీసాలు, ఒక్కోసారి బంగారం కూడా. అంతా నోటిమాట మీదే నడుస్తుంది. నేను వెళ్తున్నానంటే అందరికీ ధైర్యం. ఇచ్చింది ఇచ్చినట్టే చేరుస్తానని, విప్పి చూడనని నాకు పేరు. ఆ పేరంటే నాకెంత ఇష్టమో దాచుకోవడం ఎందుకు, చాలా ఇష్టం.

పక్క గది అమ్మాయిది మా గోదావరి వైపే. నన్ను అక్కా అని పిలిచేది. వాళ్ళమ్మకి వెండి లాకెట్టు కొంటానంటే తోడుగా సూక్‌కి, అదే అక్కడి బజారుకి, వెళ్ళాను. వెండి మధ్యలో చింతగింజంత తెల్లటి ఓపల్. కాస్త కదిపితే చాలు, లోపల ఆకుపచ్చ, నారింజ, నీలం మెరుపులు, సబ్బు బుడగ మీద రంగుల్లా. కొట్లో ఉన్న పాకిస్తానీ మాత్రం, "ఇస్కో పానీ సే దూర్ రఖ్‌నా సిస్టర్, యే పత్థర్ పానీ పీతా హై" అన్నాడు. నీళ్ళకి దూరంగా ఉంచాలట, రాయి నీళ్ళు తాగుతుందట అని బయటికొచ్చాక ఇద్దరం నవ్వుకున్నాం.

నేను సెలవుకి వెళ్ళినప్పుడు, తిరుగు ప్రయాణం రోజున ఆ లాకెట్టుని డబ్బాతో సహా వాళ్ళ అమ్మగారి చేతిలో పెట్టాను. బస్సుకి వేళైపోతోందని గుమ్మంలోంచే వచ్చేశాను.

తిరిగొచ్చిన మర్నాడు, వంటింట్లో అందరం వండుకుంటూ ఉండగా ఆ అమ్మాయి ఫోన్ పట్టుకుని వచ్చింది. అందులో లాకెట్టు ఫొటో. రాయి గాజు పెంకులా ఉంది, ఒక్క రంగు కూడా లేదు.

"అక్కా, నేనిచ్చింది ఇది కాదు. రాయి మార్చేశారు."

"ఎవరు మార్చేశారు?"

"ఏమో. నీ దగ్గరే కదా ఉంది."

పప్పు కలుపుతున్నావిడ గరిటె ఆపేసింది. అదేం మాటే అని అన్నవాళ్ళు ఒక్కరూ లేరు. నాకు తల కొట్టేసినట్టయింది. అప్పటికప్పుడే వాళ్ళమ్మకి ఫోన్ చేయించాను.

"అమ్మగారూ, దాన్ని నీళ్ళలో గానీ పెట్టారా?"

"నీళ్ళలో ఎందుకు పెడతానమ్మా? రాగానే కుంకుడు రసంలో వేసి రాత్రంతా నానబెట్టాను. కొత్త వెండి ఏదొచ్చినా మా ఇంట్లో అంతే" అన్నారావిడ నెమ్మదిగా.

"కొట్టువాడు ఏం చెప్పాడు? నువ్వూ విన్నావుగా" అన్నాను ఆ అమ్మాయితో.

"మురికి పడితే పడుద్ది గానీ, రాయి రాయే మారిపోద్దా అక్కా?"

తాగిన రసం ఆరితే రంగులు తిరిగొస్తాయేమోనని, లాకెట్టుని నీడన గుడ్డ మీద ఆరనివ్వమని ఆవిడకి చెప్పి ఫోన్ ఇచ్చేశాను. అది ఆరేదాకా నేనెలా బతికానో నాకే తెలుసు. డ్యూటీ బస్సులో నా పక్క సీట్లో ఎవరూ కూర్చునేవారు కాదు. నేను లోపలికి వెళ్తే లాకర్ల గదిలో మాటలు ఆగిపోయేవి. నాకు చేతివాటం ఉందని ఎవరో అన్నారట. ఇన్నేళ్ళు నా చేత బంగారం మోయించుకున్న నోళ్ళే. ఏ ముఖం పెట్టుకుని అన్నారో, ఇప్పుడు తలుచుకున్నా అన్నం సయించదు.

ఒక సాయంత్రం ఆ అమ్మాయి నా గది తలుపు కాస్త తీసి తల లోపలికి పెట్టింది.

"రంగులొచ్చేశాయక్కా. అమ్మ ఫొటో పంపింది. మనసులో పెట్టుకోకేం."

చూశాను. ఆకుపచ్చ, నారింజ, నీలం, అన్నీ ఉన్నాయి.

"ఈ మాట వంటింట్లోకొచ్చి చెప్పు" అన్నాను.

"అయిపోయిందిగా, మళ్ళీ ఎందుక్కా కెలకడం?"

అయిపోయిందట. ఎవరికి అయిపోయింది? నింద వెయ్యడానికి పదిమందీ కావాలి, తప్పు ఒప్పుకోవడానికి తలుపు సందు చాలు. ఆ రాత్రి కోపంతో నాకు ఏడుపొచ్చింది.

మళ్ళీ సెలవు దొరికినప్పుడు పార్సిళ్ళు ఇవ్వడానికి ఎవరూ రాలేదు. కార్గోలో వేసేశామన్నారు, నా వైపు చూడకుండానే. వచ్చింది ఆ అమ్మాయి ఒక్కతే. ఆ లాకెట్టుకి జోడీగా ఓపల్ దుద్దులు కొందట.

"నిన్ను తప్ప ఎవర్ని నమ్ముతానక్కా" అంది.

"తప్పకుండా తీసుకెళ్తాను. పద వంటింట్లోకి. రాయి నేను మార్చలేదని అందరి ముందూ చెప్పి, అక్కడే నా చేతికియ్యి."

అటు గిన్నెల చప్పుడు, నవ్వులు వినిపిస్తున్నాయి. ఆ అమ్మాయి ఒకసారి అటు చూసింది. తర్వాత దుద్దుల డబ్బా పర్సులో పెట్టేసుకుని, "కార్గోలో వేస్తాలే అక్కా" అని వెళ్ళిపోయింది.